బడి గంట మోగితే ఆగే పని

పాత విద్యార్థులం నలుగురం ఒకచోట చేరితే మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక దగ్గరికే వస్తుంది. ‘మేము పదేళ్ళకే ఎద్దులబండి తోలినాము. పన్నెండేళ్ళకు ఒంటరిగా సంతకు పోయి సరుకులు తెచ్చినాము. ఇప్పటి పిల్లలకు షర్టు గుండీ కుట్టుకోవడం కూడా రాదు’ అని. అందరం తలూపుతాం. ఆ మాటలో నిజముంది. కాని అది సగం నిజమే. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు, ఆ రెండో సగం సంగతి కూడా వెతికి రాయాలనిపించింది. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. ముప్పయ్యేళ్ళుగా పంపులు, పైపులైన్ల మధ్య బతికిన ఇంజనీరును. అందువల్ల పాత తరాల పిల్లలు ఏయే పనులు చేసేవారు, ఆ పని ఎలా నేర్చేవారు, దానివల్ల ఎవరు పైకొచ్చారు, ఎవరు మిగిలిపోయారు అనే వరుసలోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండు వందల ఏళ్ళ కిందటి మన బడి

మన అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతమంతా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా అనంతపురంలో ఉన్న థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. ఆయన 1822లో ప్రతి జిల్లా కలెక్టరునూ బడుల లెక్క పంపమన్నాడు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం మీద పుస్తకం రాసిన క్యాంబెల్ ఈయనే. ధర్మపాల్ అనే పరిశోధకుడు ఇలాంటి నివేదికలన్నీ చేర్చి 1983లో పుస్తకంగా తెచ్చారు. మన తాతల తాతల బడి ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి ఆధారం నాకు కనబడలేదు.

క్యాంబెల్ లెక్క ప్రకారం ఆనాటి జిల్లాలో 533 బడులున్నాయి. అందులో 226 తెలుగువి, 235 కన్నడవి. ఇంగ్లీషు బడి ఒక్కటే. చదివే పిల్లలు మొత్తం 6,641 మంది. పిల్లవాణ్ణి అయిదో ఏట బడిలో వేసేవారు. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, తర్వాత తాటాకు మీద గంటంతో రాయడం, కాగితం మీద కలంతో రాయడం. గుడ్డకు గంజీ బొగ్గూ పట్టించి మడతలు పెట్టిన కడితం మీద బలపంతో రాసి చెరిపేవారు. అది ఆనాటి పలక.

వేళకు రావడం మొదటి పాఠం. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి అరచేతిలో సున్న చుట్టేవారు, మెప్పూ లేదు, తప్పూ లేదని. మూడోవాడి నుంచి బెత్తం. వాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటీ పెరుగుతూ పోయేది. ఈ రోజు ఏ పంతులు గారూ అలా చేయకూడదు, చేయనివ్వకూడదు. నేను గమనించింది ఇంకో సంగతి. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్ళకు అక్షరాలు దిద్దించే పూచీ పడేవారు. ఒకే పంతులు ఉన్న బడి అలాగే నడిచేది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర శరణాలయాన్ని నడిపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని చూసి తన బడిలో పెట్టాడు. 1797లో దాని గురించి పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దానికి ‘మద్రాసు పద్ధతి’ అనే పేరొచ్చింది. పదేళ్ళ పిల్లవాడు అయిదేళ్ళవాడికి చదువు చెప్పగలడని నమ్మి ఆ బాధ్యత అప్పగించడం మన వీధిబడి ప్రపంచానికి ఇచ్చిన సంగతి.

ఎక్కాలలోనే అంగడి

అప్పటి చదువు పరీక్ష కోసం కాదు, ఊరి వ్యవహారం కోసం. ఉత్తరం రాయడం, అర్జీ రాయడం, అప్పు పత్రం చదవడం, చేతిరాతలు పోల్చుకోవడం, లెక్క తేల్చడం. పెద్ద ఎక్కాలతోపాటు పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా కంఠస్థం చేయించేవారు. మా తాతకు సంతకం తప్ప రాత రాదు. కాని నోటిలెక్కలో ఆయనను పట్టుకోలేకపోయేవాళ్ళం.

ఎందుకో చూడండి. అప్పటి రూపాయికి పదహారు అణాలు. తూకంలో సేరుకు 24 తులాలు, అయిదు సేర్లు ఒక వీశ, ఎనిమిది వీశలు ఒక మణుగు. పదులూ వందలూ ఎక్కడా లేవు. వీశ బెల్లం అణాన్నర అయితే మూడున్నర వీశలకు ఎంత? కాగితం లేకుండా, అంగడివాడు తక్కెడ దించేలోపల, ‘అయిదుంబావు అణాలు’ అని పిల్లవాడు చెప్పాలి. చెప్పలేకపోతే ఇంట్లో డబ్బు పోయినట్టే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. మరుసటి ఏడు నుంచి కిలోలు, లీటర్లు వాడకంలోకి రాసాగాయి. లెక్క సులువైంది. మంచిదే. కాని ఇంటి డబ్బు పట్టుకుని సంతకు పోయి, మోసపోకుండా తిరిగి రావాలనే బాధ్యత ఆ లెక్కతో కలిసి ఉండేది. లెక్క సులువైన కొద్దీ ఆ బాధ్యత కూడా మెల్లగా పిల్లల చేతుల్లోంచి జారిపోయింది.

పొలంలో, మగ్గం దగ్గర

బడికి రాని పాఠాలు ఇంటి దగ్గర జరిగేవి. వానాకాలపు విత్తుకు ముందు మన పల్లెల్లో ఏ ఇంటి వసారాలో చూసినా శెనక్కాయలు ఒలిచే పిల్లలే కనబడేవారు. నాతో చదివిన అందరి వేళ్ళూ ఆ నెలలో కాయలు కాసి ఉండేవి. కాయలను కొంచెం తడిపి, బొటనవేలితో నొక్కి ఒలవాలి. అది విత్తనం కాబట్టి గింజ మీది ఎర్రపొర చిట్లకూడదు. చిట్లితే మొలక సరిగా రాదు. అవ్వ చాటలో గింజలు పరిచి చిట్లినవి ఏరి పక్కన పెట్టేది. ఎవరి కుప్పలో ఎక్కువ చిట్లాయో అందరికీ తెలిసిపోయేది. ఫ్యాక్టరీలో ‘నాణ్యత పరీక్ష’ అనే మాట నేను విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చాటే.

మా నాన్న తరంలో బావి నీళ్ళు కపిలతో తోడేవారు. పెద్ద బానను మోకుతో కట్టి, ఎద్దులు పల్లానికి దిగుతుంటే నీళ్ళు పైకొచ్చే ఏర్పాటు అది. ఆ పని పిల్లవాడికి ఒక్కసారిగా అప్పగించేవారు కాదు. మొదట ఎద్దులకు గడ్డి వెయ్యడం, నీళ్ళు పెట్టడం. తర్వాత పొలంలో మడవ తిప్పడం, అంటే ఒక మడి నిండగానే గట్టు తెంచి పక్క మడికి నీళ్ళు మళ్ళించడం. ఎన్ని బానలకు ఒక మడి తడుస్తుందో వాడికి కంటికే తెలియాలి. అది తెలిశాక ఎద్దులను ఎక్కిదించే పని. ఎద్దు ఒక్క అడుగు తడబడితే బాన జారిపోతుంది కాబట్టి పెద్దవాళ్ళలో ఒకరు పక్కనే ఉండేవారు. నాకు ఊహ తెలిసేసరికి మా పొలంలో కపిల పోయి కరెంటు మోటారు వచ్చింది. స్విచ్చి వేస్తే నీళ్ళు. ఆ మెట్లన్నీ ఆ స్విచ్చిలో కలిసిపోయాయి.

ధర్మవరం పట్టుమగ్గాల ఇళ్ళలోనూ ఇదే వరుస. చిన్నపిల్లలు ముందుగా రాట్నం మీద కండెలు చుట్టాలి. పోగు బిగువు ఒకేలా ఉండకపోతే మగ్గం మీద తెగుతుంది, తెగితే తండ్రి మాట తప్పదు. తర్వాత తెగిన పడుగు పోగులు అతకడం. వేళ్ళు కుదిరాక మగ్గం గుంటలో కూర్చోవడం. కుమ్మరి ఇంట్లో మట్టి తొక్కడం దగ్గర, కమ్మరి ఇంట్లో తిత్తి ఊదడం దగ్గర, గొర్రెలు కాసేవాళ్ళ ఇంట్లో పిల్లల మంద కాపలా దగ్గర చదువు మొదలయ్యేది.

ఈ పద్ధతుల్లో ఇంజనీరుగా నాకు నచ్చేవి మూడు. పని మెట్లుమెట్లుగా పెరిగేది. నేర్పేవాళ్ళు పక్కనే ఉండేవారు. తప్పు జరిగితే వెంటనే కనబడేది, దాని నష్టం ఎంతో అందరికీ తెలిసేది. ఇప్పుడు కొత్తగా కొలువులో చేరే డిప్లొమా పిల్లలకు మేము ఆరు నెలల్లో నేర్పాలని చూసేదీ ఇదే.

పని గోడ అయినచోట

ఇంతవరకు రాసి ఆపేస్తే ఈ వ్యాసం మన గొప్పల చిట్టాగానే మిగులుతుంది. క్యాంబెల్ నివేదికలో ఇంకో పేజీ ఉంది. తొమ్మిది లక్షల పైచిలుకు జనం ఉన్న జిల్లాలో బడికి వచ్చే పిల్లలు ఏడు వేలు కూడా లేరని ఆయనే బాధపడ్డాడు. పూర్వం బడి ఉన్న ఎన్నో ఊళ్ళలో ఇప్పుడు లేదని రాశాడు. కారణం కూడా చెప్పాడు. యూరప్ బట్టలు వచ్చి మన నేతపని దెబ్బతింది, జనం పేదలయ్యారు. మధ్యతరగతివాళ్ళు, పేదవాళ్ళు బడి ఖర్చు భరించలేకపోయారు. పైగా లేత చేతులు కాస్త కదలగలిగిన రోజు నుంచే పిల్లల కూలి ఇంటికి అవసరమైపోయింది. 1823లో ఒక కలెక్టరు రాసిన ఈ సంగతి, మరో నూట అరవై ఏళ్ళ తర్వాత మన తరగతి గదిలో కూడా అలాగే ఉంది.

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. బడికి వచ్చిన హిందువుల పిల్లలు 6,398 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. మిగిలిన ఆడపిల్లలు ఖాళీగా కూర్చోలేదు. చంకలో చంటిబిడ్డ, నెత్తిన కడవ, చేతిలో చేట. పదేళ్ళ పిల్ల ఎసరు అంచనా కట్టి, పిండి పోసి, ఉండ కట్టకుండా సంగటి కట్టెతో కెలికి దించుతుందంటే అది కపిల తోలడం కన్నా తక్కువ నేర్పు కాదు. కాని మగపిల్లవాడు చేస్తే దాన్ని ‘పని నేర్చుకున్నాడు’ అన్నాం, ఆడపిల్ల చేస్తే ‘అమ్మకు సాయం చేసింది’ అన్నాం. మగపిల్లవాడికి పనిలో మెట్లున్నాయి. ఆడపిల్లకు అదే మెట్టు, జీవితమంతా.

కరువులొచ్చినప్పుడు ‘నేర్పు’ అనే మాటకే అర్థం లేకుండా పోయింది. 1876-78 కరువులో బళ్ళారి ప్రాంతం తీవ్రంగా నష్టపోయింది. సహాయ పనుల్లో మగమనిషికి రోజంతా చేసిన చాకిరీకి ఒక పౌను గింజలు, ఒక అణా ఇచ్చిన రోజులున్నాయి. ఆడవాళ్ళకూ పనిచేసే పిల్లలకూ అంతకన్నా కొంచెం తక్కువ. ఆ పట్టికలో పిల్లలకంటూ కూలి రేటు ఉండటమే, పిల్లలను అప్పుడు ఎలా చూశారో చెబుతుంది.

కరువు లేని ఏళ్ళలో ‘జీతానికి ఉంచడం’ ఉండేది. తండ్రి తీసుకున్న అప్పుకు పిల్లవాడు ఆసామి ఇంట్లో గొడ్లు కాయాలి. ఏడాదికి ఇన్ని గింజలు, రెండు గుడ్డలు. వాడు గొడ్ల జబ్బులు గుర్తుపట్టడం, తాడు పేనడం, వాన రాకను పసిగట్టడం బాగా నేర్చేవాడు. నేర్పు ఉంది, బాధ్యత ఉంది, పని మీద గౌరవం కూడా ఉంది. లేనిదల్లా దాన్ని వదిలి వెళ్ళే దారి. కోనసీమలో అలాంటి జీవితం నుంచి వచ్చిన బోయి భీమన్న తన ఆత్మకథకు ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’ అని పేరు పెట్టారు. ఆయనకు ఆ దారి దొరికింది బడిలో. దొరకనివాళ్ళు ఆత్మకథలు రాయలేదు.

మన సంగతే తీసుకుందాం. ఆరో తరగతిలో నాతో చేరిన ఆడపిల్లల్లో పదో తరగతి పరీక్ష రాసినవాళ్ళు ఒక చేతి వేళ్ళకు సరిపోతారు. లెక్కల్లో నాకన్నా చురుకైన ఒక పిల్ల, ఇంట్లో తమ్ముడు పుట్టాక ఏడో తరగతి మధ్యలో ఆగిపోయింది. గొడ్ల దగ్గరికి పోయిన మగపిల్లలూ ఉన్నారు. ఈ సంచికలో మనం ‘మా కాలంలో’ అని రాయగలుగుతున్నామంటే మనం బడిలో మిగిలిన వాళ్ళం కాబట్టి. సాయంత్రం పని చేసినా పొద్దున బడికి పంపిన తల్లిదండ్రులు మనకు ఉన్నారు కాబట్టి. పని మనల్ని తీర్చిదిద్దిందన్నది నిజమే. అదే పని మన పక్క బెంచీని ఖాళీ చేసింది.

పనిని బడిలోకి తెచ్చే ప్రయత్నాలు

పని, చదువు ఒకే కప్పు కింద ఉంటే ఈ గోడ పోతుంది కదా అని పెద్దలు ఆలోచించకపోలేదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యా మహాసభ జరిగింది. చేతిపని పక్క సబ్జెక్టు కాదు, చదువు మొత్తం దాని ద్వారానే సాగాలి అన్నది ఆయన ఆలోచన. జాకీర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్య ప్రణాళిక తయారుచేసింది. తెలుగు నాట కూడా బేసిక్ బడులు వచ్చాయి. పిల్లలు తకిలితో నూలు వడికారు. 1964-66 కొఠారి కమిషన్ ‘పని అనుభవం’ ప్రతి బడిలో ఉండాలంది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక శ్రమ అని ఇంకో పేరుతో సిఫారసు చేసింది.

ఇన్ని చేసినా అది నిలవలేదు. నాకు కనబడిన కారణాలు రెండు. మొదటిది, మార్కులు లేని పీరియడును ఎవరూ లెక్కచెయ్యలేదు. మనకు క్రాఫ్టు పీరియడంటే ఆటల పీరియడనే గుర్తు. రెండోది లోతైనది. తరతరాలుగా చేతిపని చేసి అలసిపోయిన తల్లిదండ్రులు బిడ్డను బడికి పంపింది మళ్ళీ అదే పని చేయించడానికి కాదు. వాళ్ళకు కలం కావాలి. పనిముట్టును చూసి భయపడ్డారంటే వాళ్ళ తప్పు లేదు, ఆ పనికి ఏనాడూ గౌరవం ఇవ్వని మన ఊళ్ళది. అయితే ఫలితం ఏమైంది? పాత నేర్పు ఇంట్లో పోయింది, కొత్తది బడిలో రాలేదు.

చట్టం గీసిన గీత

మరోవైపు, పిల్లల కూలి మీద పోరాటం సాగింది. 1950 రాజ్యాంగం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో పెట్టకూడదంది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1986లో బాలకార్మిక చట్టం వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలోని రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ జీతాలకున్న పిల్లలను విడిపించి, శిబిరాల్లో చదివించి బడుల్లో చేర్చింది. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. వారు ఒక మాట గట్టిగా నిలబెట్టారు: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని ఉండిపోయిన ఆడపిల్ల కూడా ఆ లెక్కలోకి వచ్చింది. ‘సాయం’ అని మనం పక్కన పెట్టినదాన్ని వారు పని అని గుర్తించారు. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది.

2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. ఒక మినహాయింపు ఉంచారు. ప్రమాదం లేని ఇంటి వృత్తిలో, బడి వేళలు కాని సమయంలో, సెలవుల్లో పిల్లలు సాయం చేయవచ్చు. దీన్ని అడ్డుపెట్టుకుని పిల్లలను మళ్ళీ మగ్గానికి కట్టేస్తారనే విమర్శ ఉంది. అది తోసిపుచ్చదగ్గది కాదు. అయినా గీత ఎక్కడుండాలో ఆ మినహాయింపులోనే ఉంది. బడి గంట మోగితే ఆగే పని బిడ్డకు చదువు. గంట మోగినా ఆగని పని చాకిరీ. మన తాతల నాటి పనులన్నిటినీ ఈ కొలతతో కొలిచి చూడండి, ఏది నిలబెట్టుకోవాలో ఏది వదిలెయ్యాలో తేలిపోతుంది.

మన సంఘం ముందున్న పని

స్వర్ణోత్సవ నిధితో బడికి ఏం చెయ్యాలనే చర్చ సాగుతోంది. ప్రహరీ గోడ, కంప్యూటర్లు, వేదిక, అన్నీ కావలసినవే. నాది ఒక చిన్న ప్రతిపాదన. ఒక గదిలో పనిబల్ల వేద్దాం. దాని మీద స్క్రూడ్రైవర్లు, పట్టుకార్లు, టెస్టరు, కొలతల టేపు, మట్టపలక, తక్కెడ, కుట్టు సూదులు, ఒక పాత మోటారు. ఆవరణలో ఒక వానకొలత పాత్ర, కూరగాయల మడి. వారానికి రెండు పీరియడ్లు. ఎనిమిదో తరగతివాళ్ళు నేర్చుకున్నది ఆరో తరగతివాళ్ళకు నేర్పాలి, మన వీధిబడిలో చేసినట్టే.

దానికి మూడు షరతులు కావాలి. ఒకటి, పని వంతుల వారీగా అందరికీ. ఊడ్చే పని కొందరికే, లెక్కరాసే పని మరికొందరికే అని కులాన్ని బట్టో, ఆడామగా తేడాను బట్టో పోకూడదు. సూది మగపిల్లలు పట్టాలి, టెస్టరు ఆడపిల్లలు పట్టాలి. రెండు, ప్రతి పనికీ మెట్లుండాలి, పక్కన నేర్పేవాళ్ళుండాలి. మనలో ఎలక్ట్రీషియన్లు, నేతన్నలు, రైతులు, నర్సులు ఉన్నారు. వారిని గురువులుగా పిలవాలి, ఆ గౌరవంతోనే కూర్చోబెట్టాలి. మూడు, ఏ బిడ్డయినా వరుసగా వారం రోజులు బడికి రాకపోతే సంఘం తరఫున ఒకరు ఆ ఇంటికి పోయి కారణం కనుక్కోవాలి. శెనక్కాయల కాలమైనా, పెళ్ళిళ్ళ కాలమైనా, ఇంట్లో చంటిబిడ్డ ఉన్నా సరే.

మొదటి రెండిటికి కొంత డబ్బు చాలు. మూడోదానికి మన సమయం కావాలి. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఊళ్ళో నుంచి, దూరాన ఉన్నవాళ్ళు సెలవులకు వచ్చినప్పుడు, తలా ఒక నెల వంతు వేసుకుంటే సరిపోతుంది. జూన్ నెల నేను తీసుకుంటాను. విత్తనం వేళ అది, హాజరు పడిపోయేది అప్పుడే. మిగిలిన నెలలకు పేర్లు ఇవ్వవలసిందిగా మిత్రులందరినీ కోరుతున్నాను.